ఆర్ఎం కమాండ్‌కి "-ఐ" అలియాస్ పెట్టాలా, వద్దా?

కొత్తకీబోర్డు:
మా టీమ్‌లో దీని మీద రెండ్రోజులుగా వాదన నడుస్తోంది. లినక్స్‌లో ఫైళ్లు తీసేసే కమాండ్ ఆర్ఎం. అది కొడితే "ఆర్ఎం -ఐ" నడిచేలా కొత్తగా చేరినవాళ్లందరికీ అలియాస్ (కమాండ్‌కి మారుపేరు) పెట్టాలంటున్నా. ఫైలు తీసేముందు ఒకసారి అడుగుతుంది కదా. మా సీనియర్ వద్దంటున్నారు. పోయిన నెల నా స్క్రిప్టులో (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) ఫోల్డర్ దారి ఉండాల్సిన ఒక వేరియబుల్ ఖాళీగా ఉండి ప్రాజెక్టు ఫోల్డరంతా పోయింది. మూడు వారాల పని. టెర్మినల్లో తీసేసింది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదని తెలిసినా, ఆ రోజు గుండె ఆగినంత పనైంది.

సర్వర్‌గది:
మీ సీనియర్ మాటే నిజమండీ. స్క్రిప్టుల్లో అలియాస్‌లు మామూలుగా పనిచేయవు. పైగా వెనకాల "-ఎఫ్" (అడక్కుండా తీసేయ్) వచ్చిందంటే "-ఐ" చెల్లదు. 2015లో లినక్స్‌లో నడిచే స్టీమ్ అనే గేముల యాప్‌లో బయటపడ్డ బగ్ అచ్చం మీలాంటిదే. స్టీమ్‌రూట్ వేరియబుల్ ఖాళీ అయ్యేసరికి "ఆర్ఎం -ఆర్ఎఫ్" (లోపలి ఫోల్డర్లతో సహా అడక్కుండా తీసేసేది) రూట్ నుంచి, అంటే డిస్కు మొదటి ఫోల్డర్ నుంచి మొదలెట్టింది. ఫిర్యాదు చేసినాయనకి బ్యాకప్ పెట్టుకున్న బయటి డ్రైవు కూడా పోయింది, అది అప్పుడు తగిలించే ఉంది. స్క్రిప్టు మొదట్లో పెట్టే "సెట్ -యూ" కూడా ఇక్కడ చాలదు, అది అసలు లేని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, ఖాళీదాన్ని వదిలేస్తుంది. మీసాల బ్రాకెట్ల లోపల, వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నగుర్తు పెట్టండి. ఖాళీ అయితే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

కొత్తకీబోర్డు:
స్క్రిప్టు సంగతి ఒప్పుకుంటా. చేత్తో కొట్టేటప్పుడో? రెడ్ హ్యాట్ లినక్స్‌లో రూట్ యూజర్‌కి (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) ఈ అలియాస్ ముందే పెట్టి ఇస్తారుగా!

పల్లెకోడర్:
రెండొందల ఫైళ్లకి రెండొందలసార్లు అడిగితే ఎవరైనా చదువుతారా? పదోదానికల్లా వేలు దానంతటదే "వై" నొక్కేస్తుంది. "-ఐ"లో పెద్ద అక్షరం ఐ వాడండి. మూడు ఫైళ్లు దాటితేనో, ఫోల్డర్ మొత్తం తీస్తేనో ఒక్కసారే అడుగుతుంది. నేనైతే అదే ప్యాటర్న్‌తో ముందు ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) కొట్టి, ఏం పోతాయో కళ్లారా చూసుకుంటా.

సర్వర్‌గది:
నా భయం వేరే. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలుదాని మీద డిలీట్ కొట్టారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. "తీసేయనా?" అని అడిగినా ఆయన అవుననే అనేవారు, మెషీన్ సరైనదేనని నమ్మారు కాబట్టి. రోజూ తీయాల్సిన డేటాబేస్ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోందని అప్పుడే తెలిసింది. ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఉండబట్టి గట్టెక్కారు. అందుకే నేను ప్రొడక్షన్ సర్వర్ (జనం వాడే అసలు మెషీన్) ప్రాంప్ట్‌కి, అంటే టెర్మినల్లో కమాండ్ కొట్టే చోటుకి, ఎర్ర రంగు పెడతా. మీ బ్యాకప్ నుంచి ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూశారా ఎప్పుడైనా?

కొత్తకీబోర్డు:
లేదండీ. ఈ శనివారం తెచ్చి చూస్తా. పెద్ద ఐకి మారుస్తా, ఎర్ర రంగూ పెడతా. కొత్తవాళ్లకి అలియాస్ పెట్టాలన్న మాట మాత్రం వదులుకోను.