చదివిన సదసద్వివేక చతురత గలుగుతుందా?

చదువని వాడజ్ఞుండగు
చదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

పోతన భాగవతం సప్తమ స్కంధంలోని ఈ కందం బళ్ళో కంఠతా పట్టనివాళ్ళు మన గ్రూపులో ఉండరు. చదువు గొప్పదనం చెప్పాలంటే అందరూ దీన్నే ఎత్తుకుంటారు గానీ, ఇది హిరణ్యకశిపుడు కొడుకుని చండామార్కుల దగ్గరికి పంపుతూ అన్న మాట. చదివితే మంచీచెడూ తెలుస్తాయన్న ఆ తండ్రే తర్వాత అదే బిడ్డకి విషం పెట్టించాడు, ఏనుగుల చేత తొక్కించబోయాడు.

డోనా టార్ట్ రాసిన 'ది సీక్రెట్ హిస్టరీ' (1992) నవల చదవడం ముగించినప్పటి నుంచి ఈ పద్యమే నోట్లో ఆడుతోంది. అమెరికాలో వెర్మాంట్ వైపు ఒక కాలేజీ, అక్కడ గ్రీకు చదివే కొద్దిమంది పిల్లలు, వాళ్ళని మిగతా ప్రపంచానికి దూరంగా ఉంచి చదువు చెప్పే జూలియన్ అనే గురువు. పాతకాలపు గ్రీకుల పూనకాల పూజ తామూ చేసి చూడాలని కొందరు రాత్రిపూట అడవిలోకి పోయి, ఆ మైకంలో ఒక రైతును చంపేస్తారు. అది బయటపెడతాడేమోనని తమలోనే ఒకడైన బన్నీని లోయలోకి తోసేస్తారు. బన్నీ చచ్చిపోయాడని మొదటి పేజీలోనే చెప్పేసినా పుస్తకం కింద పెట్టలేం, అంత బాగా రాసింది.

నాకు బాగా పట్టుకుంది మాత్రం కథ చెప్పే రిచర్డ్. వాళ్ళ నాన్నకు పెట్రోలు బంకు, ఆ సంగతి దాచి లేనిపోని గొప్ప బాల్యాన్ని కల్పించి చెప్తుంటాడు. చలికాలం సెలవుల్లో పైకప్పుకి చిల్లున్న గదిలో మంచుకి గడ్డకట్టి చావుదాకా పోతాడే గానీ తన ఇబ్బంది ఎవరికీ చెప్పుకోడు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో పోయి పెద్ద యూనివర్సిటీలో చేరిన మన పిల్లలకి ఆ సిగ్గు కొత్తేం కాదు.

మింగుడు పడనిది ఆ రైతు సంగతి. పుస్తకం నిండా బన్నీ చావు గురించే బెంగ, ఆ రైతు కోసం ఏడ్చేవాళ్ళే కనపడరు. మన నెల్లూరి తిక్కన గారి సౌప్తిక పర్వంలోనూ చంపింది చదువుకున్నవాడే, ద్రోణుడి కొడుకే. నిద్రపోతున్న పిల్లల్ని చంపాడు. కానీ అక్కడ ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుంటుంది, తర్వాత స్త్రీపర్వం మొత్తం ఏడుపే. చచ్చినవాళ్ళ లెక్క ఎక్కడా తప్పదు.

వ్యాఖ్య: అన్నా, కథ చెప్పేది రిచర్డ్ గదా. ఆ గుంపు మోజులో ఉన్నవాడికి రైతు ఎట్లా కనపడతాడు? అది వాడి లోపం, రచయిత్రిది కాదేమో.

జవాబు: సగం ఒప్పుకుంటానమ్మా. హిరణ్యకశిపుడి మాట కూడా హిరణ్యకశిపుడిదే, పోతనది కాదు. కానీ పోతన ఎదురుగా ప్రహ్లాదుణ్ణి నిలబెట్టి 'చదువులలో మర్మమెల్లఁ జదివితి తండ్రీ' అనిపించాడు. ఇక్కడ రైతు తరఫున అట్లా నిలబడ్డ గొంతు నాకు వినపడలేదు. ఇంకోసారి చదువుతావా అంటే మాత్రం చదువుతాను, ఆ చలికాలం గది కోసమైనా.