మాంట్‌గామరీ బస్సుల్లో గెలిచింది కోర్టు తీర్పా, జనం నడకా?

గోదారిగట్టు:
అమెరికాలోని మాంట్‌గామరీలో, బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్ అరెస్టయ్యాక, 1955 డిసెంబరు 5 నుంచి 381 రోజులు అక్కడి నల్లజాతివాళ్లు సిటీ బస్సు ఎక్కలేదు. కానీ చివరికి వేరు సీట్ల పద్ధతిని కొట్టేసింది సుప్రీంకోర్టే కదా? మరి అన్నాళ్లు పడ్డ కష్టం అవసరమేనా?

నల్లకోటు:
నా లెక్కలో కోర్టే. 1956 ఫిబ్రవరి 1న లాయర్ ఫ్రెడ్ గ్రే వేసిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసు అది. అందులో రోజా పార్క్స్ లేరు. క్లాడెట్ కాల్విన్ ఉంది. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ల వయసులో, సీటు వదలనని అరెస్టయిన పిల్ల. జూన్ 5న ఫెడరల్ కోర్టు 2-1తో, నవంబరు 13న సుప్రీంకోర్టు కేసు వేసినవాళ్లవైపే తీర్పిచ్చాయి. జనం నడవకపోయినా ఆ కేసు నడిచేది.

తులసికోట:
నల్లకోటు గారూ, ఆ ఆఖరి మాట దగ్గరే నాకు పేచీ. కాల్విన్ మార్చిలో అరెస్టయితే కేసు ఫిబ్రవరి దాకా ఎందుకు ఆగింది? ఆ పిల్ల వెనక అప్పటికి ఊరు కదలలేదు. కేసు వేసిన అయిదుగురు ఆడవాళ్లలో ఒకామె బెదిరింపులకు తట్టుకోలేక తప్పుకుంది. మిగతా నలుగురు నిలబడ్డారంటే వాళ్ల వెనక ఊరుంది.

ఆ బస్సులో ప్రయాణం ఎలా ఉండేదో తలుచుకోండి. ముందు ద్వారం దగ్గర డబ్బులు కట్టి, కిందికి దిగి, వెనక తలుపు దాకా నడిచి ఎక్కాలి. ఒక్కోసారి ఈలోపే డ్రైవర్ బండి కదిలించేసేవాడు, కట్టిన డబ్బులు పోయినట్టే.

బస్సు ఎక్కనివాళ్లను చేరవేయడానికి ఉద్యమం నడిపిన కార్లకు పెట్రోలు ఎవరు పోయించారు? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, ఆమె వెంట మరికొందరు ఆడవాళ్లు. చికెన్ శాండ్‌విచ్‌లు, కేకులు చేసి అమ్మి, ఆ డబ్బు సభలో ఇచ్చేవాళ్లు. పేరు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, అందుకే తమ గుంపుకు ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. ఈ పేరు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

నల్లకోటు:
ఆ త్యాగాన్ని తక్కువ చేయను. కానీ సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజే, నవంబరు 13నే, రాష్ట్ర కోర్టు ఆ కార్లను ఆపేసింది. తీర్పు రాకపోతే ఉద్యమం ఎన్నాళ్లు నిలిచేది?

తులసికోట:
అది మంచి ప్రశ్న, ఒప్పుకుంటాను. అయితే ఆ తీర్పు కాగితం ఊరు చేరింది డిసెంబరు 20న. ఆ అయిదు వారాలూ కార్లు లేకుండానే గడిపారు, బస్సు మాత్రం ఎక్కలేదు. నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు వేరు బడులు చెల్లవని 1954లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయినా 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్ల బడిలోకి పంపడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

గోదారిగట్టు:
ఆ అయిదు వారాల సంగతి నాకు తెలియదు. ‘అవసరమేనా’ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.