వోకల్ ప్రొడ్యూసర్‌గా స్థిరపడాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో మూడేళ్లుగా రికార్డింగ్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. గొంతు పనంటే, అదే గాయకుల చేత పాడించి ఆ రికార్డింగును తీర్చిదిద్దే వోకల్ ప్రొడ్యూసర్ పనంటే, నాకు పిచ్చి.

మొన్న ఒక అమ్మాయి పల్లవిని 11 టేకులు పాడింది. ఒకదాంట్లోంచి మాట, ఇంకోదాంట్లోంచి ఊపిరి ఏరి, తెల్లారేదాకా కూర్చుని ఒక్క టేకులా అతికించాను. 'శ' దగ్గర ఈల మోగుతుంటే డీ-ఎస్సర్ అనే టూల్‌తో తగ్గించాను. గమకం చెడకూడదని ట్యూనింగ్ (శ్రుతి సరిచేయడం) సాఫ్ట్‌వేర్‌కే ఆటోమేటిక్‌గా వదిలేయకుండా ఒక్కో స్వరమూ చూసుకున్నాను. తీరా పాట వచ్చాక నా పేరే లేదు. అడిగితే "ట్యూన్ సరిచేస్తే కూడా క్రెడిటా బాస్" అని నవ్వారు.

అమెరికాలో కుక్ హ్యారెల్ లాంటివాళ్లకు ఇదే వృత్తి. రిహాన్నా, జస్టిన్ బీబర్‌లతో పాడించి పేరు తెచ్చుకున్నారాయన. బియాన్సే 'సింగిల్ లేడీస్'కు సహరచయితగా 2010లో గ్రామీ కూడా అందుకున్నారు.

ఈ రంగంలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. క్రెడిట్ సంగతి పనికి ముందే రాయించుకోవాలంటే ఎలా అడగాలి? పాటకింత అనాలా, గంటకింత అనాలా? సంగీతం నేర్చుకోలేదు, చెవి మాత్రం ఉంది (ఇది మా అమ్మ సర్టిఫికెట్). లక్షలు పోసి కోర్సు చేయడం కన్నా పెద్ద ఇంజనీర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరడమే నయమా?