చర్చ: మూడు పుల్లల సెన్సర్‌తో చేను మ్యాప్ గీశాను, ఏదో తేడా కొడుతోంది

చేనుగట్టు: నాలుగెకరాల చేనులో ఒక మూల పైరు ఏటా పాలిపోతోంది. మట్టిలో గుచ్చే మూడు పుల్లల సెన్సర్ కొని, పాతిక గజాలకోసారి గుచ్చుతూ ముప్పై చోట్ల అంకెలు రాసుకున్నాను. తీరా చూస్తే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడు మ్యాపులూ అచ్చు ఒకేలా ఉన్నాయి! ఎవరికైనా ఇలా వచ్చిందా?

ఎర్రదుబ్బ: గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు కలిపి అందులో ముంచి చూడండి.

చేనుగట్టు: ముంచాను. నత్రజని అమాంతం ఎగబాకింది. ఉప్పులో నత్రజని ఎక్కడిదండీ?

ఎర్రదుబ్బ: లేదు కదా! అది కొలిచేది విద్యుత్ వాహకత, అంటే మట్టిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నది, ఒక్కటే. ఆ అంకెనే మూడు రకాలుగా హెచ్చవేసి మూడు పేర్లు పెడుతుంది. మీరు గీసింది ఒకే మ్యాపు, మూడుసార్లు.

సాళ్లలెక్క: అలాగని పారేయకండి. బంకమట్టి, తేమ, చౌడు ఉన్నచోట వాహకత పెరుగుతుంది, ఇసుక నేలలో పడిపోతుంది. అంటే నేల ఎక్కడ మారుతోందో తెలుస్తుంది. మేం ఈఎం38 వాడాం, అది నేలలో గుచ్చకుండానే వాహకత కొలిచే పరికరం. నిలువుగా పెడితే సుమారు మీటరున్నర లోతు, పడుకోబెడితే ముప్పావు మీటరు చూస్తుంది. ఆ మ్యాపును బట్టి చేనును మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో పన్నెండు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి ల్యాబ్‌కు పంపాం. ఒకప్పుడు పెంటకుప్ప పోసిన చోటి మట్టి కూడా అందులో పడింది. భాస్వరం బోలెడుందని రిపోర్టు వచ్చింది, నమ్మి ఎరువు తగ్గించి ఆ పంటకు దెబ్బతిన్నాం. గట్ల పక్కన, చెట్ల కింద కూడా తీయకండి.

పొద్దువాలు: నా మ్యాపులో చేను మధ్య గీత గీసినట్టు తేడా వచ్చింది. సరిగ్గా నేను భోజనానికి ఆగిన చోటు! పొద్దున సగం, ఎండెక్కాక సగం గుచ్చాను మరి. నేల ఒక్క డిగ్రీ వేడెక్కితే వాహకత దాదాపు 2 శాతం పెరుగుతుందట. అందుకే అంకెలన్నీ 25 డిగ్రీల లెక్కకు మార్చుకోవాలి.

చేనుగట్టు: ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆ మూల నత్రజని మిగతా చేనులో ఉన్నంతే ఉంది. పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) మాత్రం 8.6, అంటే క్షారం ఎక్కువ. ఇన్నేళ్లూ అక్కడ యూరియా గుప్పించింది నేనే.

ఎర్రదుబ్బ: పాలిపోయేది లేత ఆకులా, ముదురు ఆకులా?

చేనుగట్టు: లేతవే. ఈనెలు పచ్చగానే ఉంటాయి, మధ్యలో తెల్లబడుతుంది.

ఎర్రదుబ్బ: అయితే ఇనుము అందట్లేదనే నా అనుమానం. పీహెచ్ అంత ఉంటే నేలలో ఉన్నా వేరుకు చిక్కదు. రిపోర్టులో ఇనుము ఉందా?

చేనుగట్టు: లేదు, దానికి విడిగా రాయించాలట. రేపు మళ్లీ పార పట్టుకుని ఆ మూలకే.