తక్కువ బ్యాండ్‌విడ్త్ మీద దూరపు సర్వర్ల బ్యాకప్: సలహా కావాలి

మా సర్వర్లు మూడు దూరంగా ఉన్న ఒక శాఖా కార్యాలయంలో ఉన్నాయి. వాటిలోని డేటా మొత్తం 600 జీబీ, అక్కడి లైను వేగం రెండు వైపులా సెకనుకు 4 మెగాబిట్లు మాత్రమే. లైనంతా బ్యాకప్‌కే కేటాయించినా తొలి పూర్తి కాపీకి దాదాపు 14 రోజులు పడుతుంది కనుక, దాన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులో తెప్పించుకుని, ఆపైన రోజువారీ మార్పులను మాత్రమే రాత్రివేళ ఆర్‌సింక్‌తో (ఫైళ్లలో మారిన భాగాలనే పంపే ప్రోగ్రామ్) తెచ్చుకుంటున్నాను.

మామూలు ఫైళ్లతో ఇబ్బంది లేదు. చిక్కంతా డేటాబేస్ డంపులతోనే (డేటాబేస్‌లోని సమాచారాన్ని ఫైలుగా తీసిన కాపీలు): జీజిప్ అనే ప్రోగ్రామ్‌తో కుదించిన ఫైలులో ఒకచోట చిన్న మార్పు వచ్చినా ఆ తర్వాతి బైట్లు దాదాపు అన్నీ మారిపోవడం వల్ల, ఆర్‌సింక్ ఫైలులో చాలా భాగాన్ని మళ్లీ పంపుతోంది, ఉదయం సిబ్బంది పని మొదలుపెట్టే వేళకు కూడా బదిలీ ముగియడం లేదు. మార్పు ప్రభావం ఫైలంతా పాకకుండా చూసే ఆర్‌సింకబుల్ ఆప్షన్‌ను జీజిప్‌కు ఇవ్వడం మేలా, డంపును కుదించకుండా ఉంచి బదిలీలోనే కుదించడం మేలా, లేక డేటాను ముక్కలుగా విడదీసి కొత్త ముక్కలనే పంపే బోర్గ్, రెస్టిక్ వంటి బ్యాకప్ ప్రోగ్రామ్‌లకు మారడమే మంచిదా?

నన్ను ఇంతకన్నా కలవరపెడుతున్నది పునరుద్ధరణ. సర్వర్లు పాడైతే అదే లైను మీద అన్నే రోజులు పడుతుంది కాబట్టి, అక్కడే మరొక కాపీ ఉంచడం తప్పదని నా అభిప్రాయం. ఇటువంటి ఏర్పాటును నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.