వియన్నా యూదు కుటుంబం ఆచూకీ ఎలా తీయాలి?

ప్రశ్న (జయనగర్, బెంగళూరు): మా పక్కింటి ఆంటీగారి తాతల కుటుంబం 1938లో వియన్నాలో ఉండేది. పేర్లు, వీధి తప్ప ఇంకేమీ తెలియవు. ఎక్కడ వెతకాలండీ? నాజీలు యూదులపై జరిపిన మారణకాండ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

జవాబు 1: ముందు ఆరోల్సెన్ ఆర్కైవ్స్ (నాజీ బాధితుల రికార్డులున్న జర్మనీ సంస్థ), తర్వాత యాద్ వాషెం (నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ, ఇజ్రాయెల్‌లో ఉంది). రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే. ఇంటిపేరు నాలుగైదు స్పెల్లింగులతో కొట్టి చూడండి. ఆడవాళ్ల పేరు పక్కన ‘సారా’, మగవాళ్లకు ‘ఇజ్రాయెల్’ కనిపిస్తే వేరే మనిషని వదిలేయకండి. 1939 నుంచి నాజీలు బలవంతంగా తగిలించినవవి.

జవాబు 2: యాద్ వాషెం సాక్ష్యపత్రం (చనిపోయినవాళ్ల గురించి బంధువులో, తెలిసినవాళ్లో నింపిన ఫారం) దొరికితే, అది నింపినవాళ్ల పేరు, బంధుత్వం తప్పకుండా చూడండి. బతికున్న చుట్టాల దారి చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. పత్రం జ్ఞాపకం మీద రాసింది కాబట్టి తేదీలు మాత్రం నాజీలు యూదులను తరలించిన రవాణా జాబితాలతో సరిచూసుకోవాలి.

జవాబు 3: చిన్నపిల్లలకు శవాల ఫొటోలు దయచేసి వద్దు. ఒక్క మనిషిని పరిచయం చేయండి: పేరు, ఇల్లు, బడి. యూరప్‌లో నాజీలకు బలైనవాళ్ల ఇళ్ల ముందు వాళ్ల గుర్తుగా 10 సెంటీమీటర్ల ఇత్తడి పలకలు పాతారు, వాటి ఫొటోలు చూపించండి.