క్రాఫ్ట్‌వెర్క్ ‘కంప్యూటర్ వరల్డ్’ (1981): హెచ్చరికా, హారతా?

పాతరేడియో:
మొన్న ఆదివారం మా రూమ్మేటుతో మొదలైన గొడవ. ఇంకా తెగలేదు. మీరే తేల్చండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పశ్చిమ జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ 1970లో మొదలుపెట్టిన బృందం క్రాఫ్ట్‌వెర్క్. గిటార్లు పక్కన పెట్టి సింథసైజర్ల మీద పడ్డవాళ్లలో మొదటి వరస. 1981 మేలో ‘కంప్యూటర్ వరల్డ్’ వదిలారు. 7 పాటలు, మొత్తం 34 నిమిషాలు, అన్నీ ఒకే విషయం మీద: కంప్యూటర్ మన మధ్యకొస్తే ఏమవుతుంది?

మొదటి పాటలో ఇంటర్‌పోల్, డాయిష్ బ్యాంక్, ఎఫ్‌బీఐ, స్కాట్లండ్ యార్డ్ అని పేర్లు వరసగా చదువుతారు. వెంటనే రెండో పాటలో ఒకడు జేబు కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. మూడోది వట్టి అంకెలు. తర్వాత రాత్రిపూట టీవీ ముందు ఒంటరిగా కూర్చుని తోడు వెతుక్కునేవాడి పాట. ఆఖరుకి కంప్యూట్ చేస్తేనే మజా అంటూ ముగుస్తుంది.

మావాడి వాదన: ఇది నిఘా రాజ్యం మీద హెచ్చరిక, 40 ఏళ్ల ముందే చెప్పేశారు. నా వాదన: హెచ్చరించేవాడి గొంతు ఇంత హాయిగా ఉండదు. ఇల్లు తగలబడుతోందని చెప్పేవాడు రాగం తీస్తాడా?

వైజాగ్_బీట్:
అన్నా, హారతే. డౌటే లేదు. నేను పార్టీల్లో ప్లే చేస్తుంటాను కాబట్టి చెప్తున్నా. ‘నంబర్స్’ దరువు పడగానే తెలియనివాడి కాలు కూడా కదులుతుంది.

నన్ను కాదు, చరిత్రని అడగండి. 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ చేశాడు. దాని దరువుకి మూలం ఈ ‘నంబర్స్’, రాగం వీళ్లదే 1977 పాట ‘ట్రాన్స్ యూరోప్ ఎక్స్‌ప్రెస్’ది. దరువుని రోలాండ్ 808 డ్రమ్ మెషీన్ మీద కొట్టి, ఆ రాగాన్ని దానికి కలిపారు. అక్కడి నుంచే ఎలక్ట్రో అనే డాన్స్ సంగీతం పుట్టింది. ఇంకోపక్క డెట్రాయిట్‌లో ఎలక్ట్రిఫైయింగ్ మోజో అనే రేడియో డీజే ఈ రికార్డు తెగ వేసేవాడు. అది వింటూ పెరిగిన జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నో తయారుచేశారు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊళ్లో నల్లజాతి కుర్రాళ్లకి ఈ జర్మన్ల యంత్రాల మోత భవిష్యత్తులా వినిపించింది. భయంలా కాదు.

హెచ్చరిక విని ఎవడైనా డాన్స్ చేస్తాడా?

రైన్‌గట్టు:
నేనుండేది డ్యూసెల్‌డార్ఫ్‌లోనే, తొమ్మిదేళ్లవుతోంది. వాళ్ల క్లింగ్ క్లాంగ్ స్టూడియో మొదట ఉన్న వీధి మా ఆఫీసుకి నడిచివెళ్లేంత దూరం. మీరిద్దరూ ఇంగ్లీషు రికార్డు విని వాదించుకుంటున్నారు. వాళ్లు ఈ ఆల్బమ్‌ని జర్మన్‌లో కూడా చేశారు, పేరు ‘కంప్యూటర్‌వెల్ట్’. రెండూ ఒకటి కాదు. తేడా మొదటి పాటలోనే ఉంది.

జర్మన్ పాటలో ఆ పేర్ల వరస తర్వాత ఇంగ్లీషులో లేని ఒక మాట వస్తుంది: ఫ్లెన్స్‌బుర్గ్, బీకేఏ, మన వివరాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి అని. బీకేఏ అంటే సమాఖ్య నేర పరిశోధన పోలీసులు. 1971 నుంచి 1981 దాకా దానికి హోర్స్ట్ హెరోల్డ్ అధిపతి. పోలీసు పనిలో కంప్యూటర్‌ని నెత్తిన పెట్టుకున్న మనిషి. ఎర్రసైన్యం వర్గం (రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్) అనే ఉగ్రవాద ముఠాని పట్టడానికి ఒక పద్ధతి నడిపాడు. మన మాటల్లో చెప్పాలంటే జల్లెడ పట్టడం. నేరగాడి పేరు తెలియదు, అలవాట్లు తెలుసు. దొంగపేరుతో ఇల్లు తీసుకుంటాడు, బ్యాంకు ఖాతా ఉండదు, కాబట్టి కరెంటు బిల్లు నగదుగా కడతాడు. 1979లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలా కట్టేవాళ్ల జాబితా తీశారు. నివాస రికార్డుల్లో, ఇతర జాబితాల్లో దొరికిన అసలు మనుషులందరినీ ఒక్కొక్కరినే తీసేస్తూ పోయారు. చివరికి ఒక ఉగ్రవాది దొరికాడు. బాగానే ఉంది. కానీ ఆ జల్లెడలో పడ్డ మిగతా వేలమంది ఏం చేశారు? కరెంటు బిల్లు కట్టారు, అంతే. పాట వచ్చింది దీని తర్వాత రెండేళ్లకి. అది విన్న జర్మన్ శ్రోతకి బీకేఏ అనే మూడక్షరాలు ఊరికే వినిపించవు.

ఇక ఫ్లెన్స్‌బుర్గ్. డెన్మార్క్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు. అక్కడేముంది? వాహనాల శాఖ కార్యాలయం. మీరు అతివేగంగా వెళ్తే పడే పాయింట్లు రాసుకునేది అక్కడే. ఇప్పటి లెక్కలో 8 పాయింట్లు చేరితే లైసెన్సు పోతుంది. ఇక్కడ ‘ఫ్లెన్స్‌బుర్గ్’ అంటే చాలు, ఎవరైనా ఒక నిట్టూర్పు విడుస్తారు. నాకూ ఒక పాయింటు ఉంది లెండి, గంటకి 30 కిలోమీటర్లు దాటకూడని వీధిలో పడింది.

ఇప్పుడు చెప్పండి, ఉగ్రవాదుల్ని వేటాడే సంస్థనీ స్పీడు చలాన్ల ఆఫీసునీ పాటలో ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చోబెట్టినవాడు హెచ్చరిస్తున్నాడా, హారతి ఇస్తున్నాడా? నా లెక్కలో రెండూ కాదు. వేళాకోళం చేస్తున్నాడు. మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

మాటకుమాట:
అందరూ ఒక సంగతి మరిచారు. ఈ ఆల్బమ్ చేసేటప్పుడు వాళ్ల దగ్గర కంప్యూటరే లేదు! తర్వాత హ్యూటరే ఒప్పుకున్నాడు. అంతా అనలాగ్ సింథసైజర్లు, సీక్వెన్సర్లు. ‘పాకెట్ కాలిక్యులేటర్’లో వినిపించే వాటిలో ఒకటి మ్యాటెల్ కంపెనీ బీ జీస్ అనే పాటల బృందం పేరు పెట్టి అమ్మిన పిల్లల రిథమ్ బొమ్మ. బొమ్మ!

కంప్యూటర్ ముట్టుకోనివాడు కంప్యూటర్ సమాజం గురించి హెచ్చరించడమేంటి, కీర్తించడమేంటి? కవర్ మీద టెర్మినల్ బొమ్మ, దాని తెరలో నలుగురి తలకాయలు. మంచి ప్యాకింగ్. అంతకుమించి మీరు తవ్వుతున్నదంతా మీరు పాతిపెట్టిందే.

వైజాగ్_బీట్:
మాస్టారూ, చంద్రుడి మీదకి వెళ్లొచ్చినవాడే వెన్నెల పాట రాయాలా?

మాటకుమాట:
వెన్నెల పాట వేరు బాబూ. నేను వెళ్లొచ్చానని డ్రెస్సు వేసుకుని తిరగడం వేరు.

లెడ్జరు_వారసుడు:
మాటకుమాట గారి మాటని నేను తిరగేసి పట్టుకుంటా. కంప్యూటర్ లేకపోవడమే అసలు సంగతి. ఆ ఏడు దాదాపు ఎవరి దగ్గరా లేదు. ఐబీఎం పీసీ వచ్చింది 1981 ఆగస్టులో, అంటే ఆల్బమ్ తర్వాత. కానీ కంప్యూటర్ లేనివాడి బతుకులోకే అది ముందు వచ్చింది. నీ ఇంట్లో లేదు, నీ గురించి తెలిసినవాడి ఆఫీసులో ఉంది. పాటలో వచ్చే పేర్లు చూడండి: పోలీసులు, బ్యాంకు. ఒక్కటైనా ఇల్లుందా? ‘హోమ్ కంప్యూటర్’ పాట రావాలంటే రికార్డు రెండోవైపు తిప్పాలి.

మా నాన్న ప్రభుత్వ బ్యాంకులో గుమాస్తా. పేరు వద్దు. 80ల్లో బ్యాంకు సంఘాలు కంప్యూటర్‌కి ససేమిరా అన్నాయి. అందుకని వచ్చిన పెట్టెని ఆ పేరుతో పిలవలేదు. ‘అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్’ అన్నారు, ముద్దుగా ఏఎల్‌పీఎం. నాన్న చెప్పేవాడు: “కొత్త అల్లుణ్ణి మామగారు పేరు పెట్టి పిలవనట్టు, దాని పేరెత్తకుండా తెచ్చి కూర్చోబెట్టార్రా.” మొదట్లో దాన్ని తిట్టినవాళ్లలో నాన్న ఒకడు. మూడేళ్లకి నెలాఖరున బ్యాలెన్సు తేలక రాత్రి 10 దాకా కూర్చునే బాధ పోయింది. అప్పటి నుంచి దాని మీద దుమ్ము పడనిచ్చేవాడు కాదు. సొంత ఖర్చుతో గుడ్డ కొని తుడిచేవాడు.

మా నాన్నది హెచ్చరికా, హారతా? ఆయన్ని అడిగితే నవ్వేవాడు. ఈ ఆల్బమ్ విన్న ప్రతిసారీ నాకు ఆ గుడ్డ గుర్తొస్తుంది.

పాతరేడియో:
లెడ్జరు గారూ, బాగా చెప్పారు. కానీ మీ నాన్నగారి విషయంలో రెండు దశలున్నాయి. ముందు కోపం, తర్వాత ముద్దు. ఆల్బమ్‌లో అవి ఒకేసారి ఉన్నాయి, అదే నా తలనొప్పి.

ఇంకో సాక్ష్యం పెడతా, నా వైపు నుంచి. 1975లో ఇదే బృందం ‘రేడియోయాక్టివిటీ’ అనే పాట చేసింది. అణుధార్మికతని పొగిడిందో తెగిడిందో ఎవరికీ అర్థం కాలేదు. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత, 1991లో ‘ద మిక్స్’ అనే రికార్డు కోసం దాన్ని మళ్లీ చేశారు. ఈసారి చెర్నోబిల్, హారిస్‌బర్గ్, సెల్లాఫీల్డ్, హిరోషిమా అని అణు విపత్తులు చూసిన చోట్ల పేర్లు ముందు పెట్టి, రేడియోయాక్టివిటీ అన్న మాటకి ముందు ‘ఆపండి’ అని తగిలించారు. అంటే, హెచ్చరిక అనుకున్నప్పుడు తేల్చి చెప్పడం వాళ్లకి చేతనవును. మరి అదే రికార్డులో ‘కంప్యూటర్ లవ్’, ‘పాకెట్ కాలిక్యులేటర్’, ‘హోమ్ కంప్యూటర్’ కూడా ఉన్నాయి. వాటికి ‘ఆపండి’ ఎందుకు తగిలించలేదు?

రైన్‌గట్టు:
మంచి దెబ్బ. ఒప్పుకుంటున్నా. కానీ అణు విద్యుత్తుని ఆపమని అడగొచ్చు, ఆపొచ్చు కూడా. కంప్యూటర్‌ని ఆపమని ఎవరిని అడుగుతాం? అడిగేది కూడా దాంట్లోంచే కదా.

ఆ ‘కంప్యూటర్ లవ్’ సంగతి కూడా చెప్తా. జర్మన్ పాటలో ఆ ఒంటరివాడు నంబరు తిప్పి పిలిచేది ‘బిల్డ్‌షిర్మ్‌టెక్స్ట్’ని. అది జర్మన్ తపాలా శాఖ సేవ. ఫోను లైనూ టీవీ తెరా కలిపి ఇంటికి అక్షరాలు పంపేది. దాని ప్రయోగం 1980లో మొదలైంది రెండు చోట్ల: ఒకటి బెర్లిన్, రెండోది డ్యూసెల్‌డార్ఫ్ ప్రాంతం. అంటే వాళ్ల సొంత ఊళ్లో! భవిష్యత్తుని ఊహించారని అందరూ అంటారు గానీ, వాళ్లు కిటికీ తీసి చూశారంతే.

బోనాలసందు:
నేను పాటల మనిషిని కాదు, మా తమ్ముడు లింకు పంపితే చదువుతున్న. ఒక్క ముచ్చట అడుగుత. ఈ పాట విన్న జర్మన్లు ఏం చేసిన్రు? డాన్సేనా?

రైన్‌గట్టు:
అన్నా, మంచి ప్రశ్న. పాట వల్ల అనలేను గానీ, రెండేళ్లకి ఒకటి జరిగింది. 1983లో ప్రభుత్వం జనగణన పెట్టింది. జనం ఎదురుతిరిగారు, ఫారాలు నింపం పొమ్మన్నారు. రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని ఆపి, ఆ డిసెంబర్ 15న తీర్పిచ్చింది: తన వివరాలు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకునే హక్కు మనిషిదే అని. నేటికీ ఇక్కడి చట్టాలకి అదే పునాది.

బోనాలసందు:
గట్లనా. మరి మా దిక్కు సూడు. 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. ఒక్కటే దినం, అన్ని బంద్. లెక్కల మా పేరు ఉండాల్నని బొంబాయి నుంచి, దుబాయ్ నుంచి మనుషులు ఊళ్లకొచ్చిన్రు. నేను పటాన్‌చెరు నుంచి బస్సుల నిలబడి పోయిన, మెదక్ దాకా. మా అవ్వ పొద్దుగాల్నే తానం జేసి, బ్యాంకు పాసుబుక్కు, గ్యాసు బుక్కు ముంగట పెట్టుకొని అరుగు మీద కూసున్నది. రాసుకునేటాయన రాకుంటే ఏడ్సేటట్టుండె.

వాళ్లకు లెక్కల పడుడంటే భయం. మాకు లెక్కల పడకుంటే భయం. రేషన్ పోతది, పింఛన్ పోతది. గా జర్మనోళ్ల పాట మా అవ్వకు ఇనిపిస్తే, మన వివరాలు వాళ్ల దగ్గరున్నయి అంటే, “ఉన్నయా? మంచిగయ్యింది” అంటది.

లెడ్జరు_వారసుడు:
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో ఇదే పెద్దది.

వైజాగ్_బీట్:
ఒప్పుకున్నాం అన్నా. అయితే అవ్వ కూడా నా పార్టీయే, హారతి పార్టీ 🙂

పక్కకి వెళ్తున్నా, తిట్టకండి. 1981 పర్యటనలో వీళ్లు బొంబాయిలో కూడా వాయించారు. మరుసటేడే అదే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు రోలాండ్ 303, 808 యంత్రాల మీద పది రాగాలు డిస్కో దరువులో రికార్డు చేశాడు. షికాగోలో యాసిడ్ హౌస్ అని పేరు పెట్టకముందే దాదాపు అదే చప్పుడు. అప్పట్లో అమ్ముడుపోలేదు. రెండిటికీ సంబంధం ఉందని అనట్లేదు. గాల్లో ఏదో ఉందంతే.

మాటకుమాట:
గాల్లో ఏమీ లేదు. జపాన్ నుంచి ఓడలో ఆ రోలాండ్ పెట్టెలు దిగాయి.

నిర్వాహకుడు:
చరణ్‌జిత్ సింగ్ మీద వేరే చర్చ తెరవండి. మాటకుమాట గారూ, మీరూ కాస్త తగ్గండి.

మాటకుమాట:
తగ్గాను. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. ‘కాలిక్యులేటర్’ పాటప్పుడు వాళ్లు చిన్న యంత్రాలు చేత్తో పట్టుకుని వేదిక అంచుకి వచ్చి, ముందు వరస జనం చేత మీటలు నొక్కించేవాళ్లు. ఆ వీడియో ఇప్పుడే చూశాను. నొక్కినవాడి మొహం చూడాలి. జాతరలో మైకు చేతికందిన పిల్లాడి మొహం. ప్యాకింగ్ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క పాట వరకే.

పాతరేడియో:
రైన్‌గట్టు గారూ, మీరు చెప్పాక నిన్న రాత్రి మా రూమ్మేటుతో కలిసి జర్మన్‌ది విన్నా. భాష రాదు కానీ ఫ్లెన్స్‌బుర్గ్ అన్న మాట ఇద్దరం పట్టుకున్నాం. మీ స్పీడు పాయింటు కథ చెప్తే మావాడు పగలబడి నవ్వాడు. నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఫోను తీసి బండి నంబరు కొట్టి చలాన్లు చూసుకున్నాడు. మూడున్నాయి. రెండు సిగ్నల్ దగ్గరవి. మూడోది అమీర్‌పేటలో, వెనక కూర్చున్నవాడికి హెల్మెట్ లేదని.

ఫొటో పెద్దది చేసి చూశాం. వెనక కూర్చుంది నేనే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తల ఊపుతూ ఉన్నా.